బీడు చేలో జలాంతర్గామి

ఉదయం ఏడున్నరకు హేమావతి షేర్ ఆటో దిగేసరికి ముత్యాలప్ప కనబడకుండా పోయి ముప్పయ్యేడున్నర గంటలైంది.

ఆ లెక్క ఆమె వేసుకున్నదే. ఊళ్ళో అడిగితే ఒకరు మొన్న అన్నారు, ఒకరు రెండు దినాలన్నారు. అరుగుమీద కూర్చున్న ఒక పెద్దాయన అయితే "ఆయప్ప ఊళ్ళో ఉన్నప్పుడు మాత్రం యాడుండాడని, సముద్రంలోనే గదా" అని నోరంతా తెరిచి నవ్వాడు. హేమావతికి ఇలాంటి జవాబులు గిట్టవు. తూనికలు కొలతల శాఖలో ముప్పై రెండేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. కళ్యాణదుర్గం సంతలో ఆమె బస్సు దిగిందని తెలిస్తే సగం తక్కెళ్ళకు ఆ పూట జ్వరం వచ్చేది. రిటైరయ్యాక అనంతపురంలో రెండు గదులు తీసుకుని 'పరిశోధన' అని బోర్డు పెట్టింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో తుపాకీ ఉంటుందని జనం చెప్పుకునేవారు. అందులో ఉండేది వంద అడుగుల టేపు.

ఆమెను పిలిపించింది ముత్యాలప్ప కూతురు చౌడేశ్వరి. చేనుకు పోయే దారిలో ముందు నడుస్తూ చెప్పుకొచ్చింది.

"మా నాయన పద్దెనిమిదేండ్లకే నేవీలో చేరినాడు మేడమ్. డెబ్బై ఒకటి యుద్ధంలో సబ్‌మెరైన్‌లో ఉండాడు. రష్యావోళ్ళు కట్టిన ఫాక్స్‌ట్రాట్ రకమంట. నీళ్ళ కింద చెవులకు ఫోన్లు పెట్టుకోని యే ఓడ యాడ పోతాందో వినేది ఆయన పని. ఈడ ఒక్కరూ నమ్మరు. బొంబాయిలో హోటల్లో పిండి రుబ్బింటాడు అంటారు."

నమ్మకపోవడానికి కొంత కారణం ముత్యాలప్పే. శత్రువు తీరం దగ్గర వారాల తరబడి మాటేసి ఉండటం, పగలంతా మునిగి ఉండి చీకటి పడ్డాక ఊపిరి గొట్టం పైకి పెట్టి డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవడం, ఎదుట ఓడ కనబడినా ఎవరిదో కళ్ళతో చూసి గుర్తుపట్టందే కొట్టకూడదన్న ఆజ్ఞకు లోబడి పళ్ళు నూరుకుంటూ వదిలేయడం, ఇవన్నీ నిజాలే. తాగే నీళ్ళు కొలిచిపోస్తుంటే పంజాబు కుర్రాళ్ళు ఏడ్చారనీ, తనకు మాత్రం అది తన ఊరికన్నా మేలనిపించిందనీ చెప్పేవాడు. అది కూడా నిజమే అయి ఉంటుంది. అక్కడితో ఆగితే బాగుండేది. ఒక తిమింగలం జలాంతర్గామిని తన పెద్దక్క అనుకుని మూడు రోజులు వీపు రాసుకుంటూ వెంట వచ్చిందని కూడా చెప్పేవాడు. యుద్ధం పొడుగు మారలేదు గానీ, తిమింగలం మాత్రం ఏటేటా ఒక బారెడు పెరుగుతూ వచ్చింది.

ఊరు నవ్వింది. ముత్యాలప్ప అలిగాడు. అలిగి ఊరకే కూర్చునే రకం కాదు. తన చేలోనే జలాంతర్గామిని కట్టాడు.

హేమావతి దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఏ దిక్కు బస్సెక్కినా సముద్రానికి మూడు వందల కిలోమీటర్లకు తక్కువ లేని చోట, వేరుశనగ పీకేసిన బీట్లో, నల్లరంగు పూసుకుని పొడుగ్గా పడుకుని ఉందది. పాడైన నీళ్ళ ట్యాంకర్ల డబ్బాలు మూడు తెచ్చి ఒకదాని వెనక ఒకటి పెట్టి వెల్డింగ్ చేశారు. ముందు ఆరు గొట్టాలు, వెనక నాలుగు.

"అసలుదానికి పది టార్పెడో గొట్టాలంట మేడమ్. మా చేలో పది బోర్లేస్తే ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడలేదు. పైకి పీకిన కేసింగ్ పైపులు ఇంటి ముందర పడుంటే, లెక్క సరిపోయిందే అని సంతోషపడినాడు."

"పొడుగెంతమ్మా?"

"అసలుది తొంభై ఒక్క మీటరు. మీటరుకు ఒక అడుగని కట్టినాడు."

హేమావతి టేపు తీసి కొన నుంచి కొనకు పట్టింది. తొంభై ఒక్క అడుగులు, అంగుళం తేడా లేదు. ముత్యాలప్పమీద ఆమెకు మొదటిసారి గౌరవం కలిగింది.

పైన గుండ్రటి ఇనుప మూత ఉంది. దానికి తాళం, తాళానికి గుడ్డ, గుడ్డమీద ఎర్ర లక్క. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దేవేంద్ర అనే కానిస్టేబులు కునుకు తీస్తున్నాడు. ఆమె గొంతు సవరించుకోగానే లేచి నిలబడ్డాడు.

"నిన్న పొద్దున పది గంటలకు సీఐ సారు లోపలంతా చూసి సీలేసినారు మేడమ్. అప్పట్నుంచీ నేనే కాపలా. పురుగు కూడా రాలేదు."

"రాత్రి ఏమన్నా చప్పుడైందా?"

"చప్పుడంటే, టక్కుటక్కుమని అప్పుడప్పుడు. చలికి ఇనుము ముడుచుకుంటాది గదా మేడమ్. పెద్ద డబ్బాలన్నీ అట్లే."

హేమావతి అది కూడా నోట్‌బుక్కులో రాసుకుంది. తీసేయదగ్గ మాట ఏదో, ఉంచుకోదగ్గ మాట ఏదో మొదటి గంటలో తెలియదని ఆమె నమ్మకం.

"ఈ పొద్దు పదకొండుకు ప్రారంభం మేడమ్," అంది చౌడేశ్వరి. "నేవీ దినమని నాయనే పెట్టుకున్నాడు. విశాఖపట్నం నుంచి రిటైరైన కమాండరు ఒకాయన వస్తాండాడు. బడిపిల్లలంతా వస్తారు. ఇన్నేండ్ల నుంచీ ఈ ఒక్క దినం కోసమే కాసుకోని ఉండాడు. అట్లాంటాయన యాడికి పోతాడు?"

*

పంచాయతీ ఆఫీసులో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మార్కండేయ ఇడ్లీ తింటున్నాడు. ఆయన పక్కన ఓబుళేసు. తెల్ల చొక్కా, మెలేసిన మీసం, జేబుమీద ఒక పతకం. ఊళ్ళో అందరూ సుబేదారు అంటారు. డెబ్బై ఒకటి యుద్ధంలో సైన్యంలో కొట్లాడిన మనిషని బడిలో జెండా ఎప్పుడూ ఆయన చేతే ఎగరేయిస్తారు.

"తక్కెళ్ళ మేడమ్ వచ్చినారే," అన్నాడు మార్కండేయ. "ఈడ తూకాలేం లేవు మేడమ్. మర్డరు కేసు."

"శవం దొరికిందా సార్?"

"దొరుకుతాది. పాడుబావులన్నీ గాలిస్తాండారు మావోళ్ళు. చంపినోడు దొరికినాడు, అది చాలు." గోడవారగా నేలమీద కూర్చున్న వెల్డరు తిప్పేష్ వైపు గడ్డం చూపించాడు. "మొన్న మధ్యాహ్నం ఇద్దరూ గొంతులు చించుకోని కొట్లాడినారు. ఊరంతా విన్నారు. ఆ డబ్బా తాళం ఇంకొకటి ఇతని దగ్గరే ఉండాది. ఆరు గంటలకు ముసలాయన డబ్బా దగ్గర కనబడినాడు. తర్వాత లేడు. ఇంకేం కావాల?"

"మీరేమంటారు సుబేదార్ అన్నా?"

ఓబుళేసు మీసం సవరించుకున్నాడు. "ఏమంటాము తల్లీ. అబద్ధాలకోరు. నేవీ లేదు, గీవీ లేదు. నీళ్ళ కింద పడవ పోతాదంట, దాంట్లో తాగను నీళ్ళుండవంట. ఆ కమాండరు వస్తే బండారం బయటపడతాదని పారిపోయింటాడు."

"మొన్న సాయంత్రం నుంచీ మీరు యాడుండారో చెప్తారా? అందర్నీ అడుగుతాండా, ఏమనుకోవద్దు."

"ఇంట్లోనే. మోకాలు నొప్పి. నిన్న దినమంతా మంచం దిగలేదు."

అదీ రాసుకుంది. ఆ తర్వాత తిప్పేష్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతులనిండా రవ్వలు కాలిన మచ్చలు. స్టేషనువాళ్ళు పెట్టిన ఇడ్లీలు నాలుగూ తిని వేళ్ళు నాకుతున్నాడు. హత్య కేసులో పట్టుబడ్డవాళ్ళను ఆమె ఎక్కువమందిని చూడలేదు గానీ, దొంగ తూకపు రాళ్ళతో పట్టుబడ్డవాళ్ళను చాలామందిని చూసింది. వాళ్ళకే ముద్ద దిగేది కాదు. ఇతనికి దిగులు లేదు. ఊరికే గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"ఏమప్పా, టైముతో పనుందా?"

"పదకొండు లోపల నన్నిడుస్తారా మేడమ్?"

"పదకొండుకేముండాది?"

"ప్రారంభం గదా."

"మనిషే లేకుండా ప్రారంభమెట్ల?"

తిప్పేష్ ఇంకోసారి గడియారం వైపు చూశాడు. "వస్తాడులే మేడమ్."

"యాడినుంచి?"

"నేను చెప్పకూడదు. ఒట్టుండాది."

వెనక మార్కండేయ గట్టిగా నవ్వాడు. "నిన్నటినుంచీ ఇదే పాట. ఒట్టంట, ఒట్టు."

"కొట్లాట దేనికప్పా?" హేమావతి వెనక్కి తిరగకుండానే అడిగింది.

"నేనూ వస్తానన్నా. ఇద్దరికి చోటు లేదు, గాలి చాలదు అన్నాడు." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

హేమావతి నిదానంగా లేచి మార్కండేయ బల్లమీదున్న పంచనామా కాగితం తీసుకుంది. రాత చక్కగా ఉంది. లోపల ఇంత పొడుగు గదులు ఇన్ని ఉన్నవి, అన్నీ ఖాళీ, మనిషి జాడ లేదు అని వివరంగా రాశారు.

"ఆరు గదులు, గది ఒక్కొక్కటి పదమూడు అడుగులు. మీరే కొలిపించినారా సార్?"

"టేపు పట్టి కొలిపించినాం. మీకొక్కరికే వచ్చా కొలిచేది?"

"బాగా కొలిచినారు. ఆరు పదమూళ్ళు డెబ్బై ఎనిమిది. నేనిప్పుడే బయట కొలిచి వస్తాండా, తొంభై ఒకటి. మీ రిపోర్టు పదమూడు అడుగులు తూకం తక్కువుండాది సార్."

మార్కండేయ చేతిలోని చట్నీ గిన్నె కిందికి దిగింది. ఓబుళేసు మీసంమీది చేయి అక్కడే ఉండిపోయింది.

"తిప్పేష్," హేమావతి గొంతు మెత్తబడింది, "అసలు జలాంతర్గామికి ఎన్ని గదులప్పా?"

తిప్పేష్ తల అడ్డంగా ఊపాడు. ఒట్టు.

"సరే, నువ్వు చెప్పద్దు. నేనొక మాట చెప్తా విను. నిన్ను షాపు దగ్గర ఎన్నింటికి తీసుకొచ్చినారు?"

"తొమ్మిదికి."

"పదింటికి సీఐ సారు ఆ మూతకు తాళమేసి సీలేసినాడు. ఇప్పటిదాకా అది తీయలేదు."

తిప్పేష్ మొహంలో నెత్తురు ఒక్కసారిగా ఎటో పోయింది. "తీయలేదా? నిన్న సాయంత్రం కూడా?"

"తీయలేదు."

"అయ్యో నాయనా," అని నేలమీంచి ఎగిరి లేచాడు. "లోపలే ఉండాడు మేడమ్. ఏడో గదిలో ఉండాడు. ఆరో గది గోడ గోడ కాదు, తలుపు. మోటారు బొమ్మ గీసిన రేకు అడ్డం పెట్టినాం, పిల్లోళ్ళకు చివర్లో తీసి చూపిద్దామని. రిపేరు చేసిన సబ్‌మెరైన్‌ను సముద్రంలోకి పంపే ముందర అందులో పనిచేసేటోళ్ళే మునిగి చూసుకుంటారంట. నేనుండి చూడనిదాంట్లోకి పిల్లోళ్ళను పంపనన్నాడు. మొన్న సాయంత్రం ఆరు నుంచి నిన్న సాయంత్రం ఆరు దాకా తలుపు తీయకుండా లోపలుంటానని పోయినాడు. ముందరే చెప్తే ఊరోళ్ళు వచ్చి డబ్బామీద రాళ్ళేస్తారని ఒట్టు పెట్టించుకున్నాడు. నిన్న సాయంత్రమే బయటికొచ్చి కమాండరును తీసుకురాను అనంతపురం పోయింటాడనుకుంటి."

గడియారంలో ఎనిమిదీ ముప్పై అయిదు.

*

జీపు చేలో ఆగేసరికి సగం ఊరు వెనకాల ఉరుకుతూ వచ్చింది. హేమావతి వెనక కొసకు పోయి, తిప్పేష్ అందించిన పానాతో ఇనుముమీద మూడు దెబ్బలు కొట్టింది. చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ మూడు కొట్టింది.

చౌడేశ్వరి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

చాలాసేపటికి, ఎవరో నిద్రలో పక్కకు తిరిగినంత నెమ్మదిగా, లోపలనుంచి టక్. ఆగి, టక్. ఇంకా ఆగి, టక్.

"ఉండాడు," అంది హేమావతి.

జనంలో ఒక పెద్ద నిట్టూర్పు లేచింది. దేవేంద్ర మాత్రం కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. రాత్రంతా ఇనుము ముడుచుకుందని తను అనుకున్నది ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది.

మార్కండేయ చేతగాని మనిషి కాదు, తొందర మనిషి. "తాళాలు, తలుపులు తర్వాత. గ్యాస్ కట్టరు తెండి. ఈడనే కోసి తీస్తాం. రెండు నిమిషాల పని." జీపులో కట్టరు ఉండనే ఉంది. ముసలాయన శవం కోసం డబ్బానంతా కోయించాలని పొద్దుననే తెప్పించాడు.

"కొయ్యొద్దు సార్," తిప్పేష్ కాళ్ళకు అడ్డం పడ్డాడు. "నాలుగో గదిలో పన్నెండు లారీ బ్యాటరీలుండాయి. సోలారు పలకతో చార్జి ఎక్కుతాంటాయి."

"అయితే ఏమి?"

"ఎక్కేటప్పుడు బ్యాటరీలు గాలొకటి వదుల్తాయి. వాసనుండదు, రంగుండదు. నూటికి నాలుగు పాళ్ళు చేరితే ఒక్క రవ్వ చాలంట. అసలు సబ్‌మెరైన్‌లో బ్యాటరీలు నాలుగు వందల పైన. శత్రువు బాంబుకన్నా ఆ గాలికే ఎక్కువ భయపడేటోళ్ళమని ముత్యాలప్ప చెప్తాండె. అందుకే ఊపిరి గొట్టంలో ఫ్యాను పెట్టినాం. మంచి గాలి లోపలికి, చెడ్డది బయటికి."

అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి. ఊపిరి గొట్టం కొసన ఫ్యాను కదలకుండా ఉంది. దాని తీగ మొదట్లో తెగి వేలాడుతోంది. సోలారు పలకమీద మాత్రం ఎండ దివ్యంగా కాస్తోంది.

"కట్టరు జీపులో పెట్టండి," అంది హేమావతి.

"మేడమ్, లోపల మనిషికి గాలాడటం లేదు. మీరీడ పాఠం చెప్తాండారు."

"మీరు మంట పెడితే గాలాడనిది ఆయనకొక్కడికే కాదు సార్. ఈడున్న రెండొందల మందికీ ఆడదు. కోయాలంటే నన్ను దాటి కోయండి."

ఆమె పొడుగు అయిదడుగుల ఒక అంగుళం. మార్కండేయ ఆరడుగులు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. లెక్క ప్రకారం ఆయనే నెగ్గాలి. కానీ ఆయన ఫ్యాను వైపు ఇంకోసారి చూసి, టోపీ తీసి చెమట తుడుచుకుని, "ఏం చేయాలో చెప్పండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు హేమావతి ఆయన పాత తప్పుల్లో సగం కొట్టేసింది.

చౌడేశ్వరి కంబళి తెచ్చి సోలారు పలకమీద కప్పింది. దేవేంద్ర తెగిన తీగ కొసలు మెలివేయబోతే హేమావతి చేతిమీద ఒక్కటేసింది, అక్కడ పుట్టే చిన్న రవ్వ కూడా రవ్వే కాబట్టి. తడిగుడ్డ చుట్టి తాళం తీశారు. లక్క సీలు మార్కండేయే తన గోరుతో పెరికాడు. మూత తీశాక ఎవరూ దిగలేదు. తిప్పేష్ ముందువైపు పరిగెత్తి ఆరు కేసింగ్ పైపుల బిరడాలూ విప్పాడు; వెనక నాలుగు ఉత్త చూపుకే, వాటికి లోపలికి దారి లేదు. అప్పుడు ఆ మెట్ట గాలి, ఏడాది పొడుగునా ఊరిని కొట్టి దుమ్ము పోసే గాలి, ఆరు గొట్టాల్లోనూ దూరి ఊళపెట్టింది. ఆ పది బోర్లు జన్మలో చుక్క నీళ్ళివ్వలేదు. ఇప్పుడు మాత్రం వాటి పైపులు బాకీ తీర్చినట్టు గాలి పోశాయి.

హేమావతి మూత దగ్గర చిన్న కాగితం ముక్క పట్టుకుంది. మొదట అది ఊరకే ఉంది. కొంచెం కొంచెంగా పైకి లేచింది. ఆఖరికి చేతిలోంచి ఎగిరిపోయింది. ఇరవై నిమిషాలు గడిచేదాకా ఆమె గడియారం మీంచి కన్ను తీయలేదు. ఆ ఇరవై నిమిషాల్లో చౌడేశ్వరి మూడుసార్లు లోపలికి దిగబోతే మూడుసార్లూ వెనక్కి లాగింది.

"ఇప్పుడు పో," అంది తిప్పేష్‌తో. "చెప్పులిడిచి పో. ఫోను ఈడ పెట్టు. లైటెయ్యద్దు."

అతను దిగాడు. వట్టి కాళ్ళ చప్పుడు ఒక్కొక్క గది దాటుతూ వెనక్కి పోయింది. మూడు దెబ్బలు. లోపల ఏదో బిగింపు విప్పిన కిర్రుమనే చప్పుడు. ఆ తర్వాత ఒక బొంగురు గొంతు: "ఇప్పుడా వచ్చేది? డ్యూటీ మార్చేది టైముకు తెలీదా?"

తొమ్మిదీ నలభై రెండుకు ముత్యాలప్ప తల మూతలోంచి బయటికొచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ తల, చెమటకు తడిసి కొబ్బరిపీచులా ఉంది. కళ్ళు ఎర్రగా, మొహం బూడిదగా ఉన్నాయి. ఎండకు కళ్ళు చికిలించి ముందు ఆకాశం, తర్వాత జనాన్ని చూశాడు.

"ఇంతమందా," అన్నాడు. "పదకొండు కాకుండానే?"

చౌడేశ్వరి ఆయన్ను పట్టుకుని కిందికి దించింది. దించాక వీపుమీద రెండు దెబ్బలు వేసింది. వేసి, ఆ వీపుమీదే తల పెట్టుకుని ఏడ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నారు. అరుగుమీది పెద్దాయన చెంబుతో నీళ్ళిచ్చి, "ఇంకమీదట తిమింగలం కూడా నమ్ముతానప్పా" అన్నాడు. మార్కండేయ ఎవరూ చెప్పకుండానే తిప్పేష్ భుజంమీద చెయ్యి వేసి, "ఇంటికి పోప్పా" అన్నాడు. తిప్పేష్ పోలేదు. మూత పక్కనే చతికిలబడి పిచ్చివాడిలా నవ్వుతున్నాడు.

ముత్యాలప్ప గుక్కగుక్కకూ ఆగుతూ తాగాడు. "తలకాయ పగిలిపోతాంది. అంతే, బాగానే ఉండా. మాట్లాడకుండా వెల్లకిలా పడుకుంటే ఒక మనిషి గాలి ఇద్దరికొస్తాది. ఆడ నేర్చుకునింది ఊరికే పోలేదు. సీఐ సారూ, యుద్ధంలో శత్రువు కూడా నన్నింతసేపు లోపల కూర్చోబెట్టలేదప్పా."

మార్కండేయ తల దించుకున్నాడు. "తాళమేసింది నేనే పెద్దాయనా. ఆరు గదులే అనుకున్నా."

"తాళమేస్తే ఏమిలే సార్. తీగ ఎందుకు కోసినారు? అది కోయకుండా ఉంటే ఇంకో రెండు దినాలైనా పాటలు పాడుకుంటా ఉందును."

"నేను తీగ ముట్టలేదు."

హేమావతి అప్పటిదాకా అనుకున్నదీ అదే, సీలు వేసే హడావుడిలో పోలీసులే కోసి ఉంటారని. ఆమె ముత్యాలప్ప వైపు తిరిగింది. "ఫ్యాను ఎన్నింటికి ఆగిందో తెలుసా పెద్దాయనా?"

ఆయన పంచె మడతలోంచి చిన్న పుస్తకం తీశాడు. గంటగంటకూ రాసిన పుస్తకం. నీళ్ళ కింద యాభై ఏళ్ళనాడు పడిన అలవాటు, బీట్లో కూడా పోలేదు. "పదింటికి నలుగురైదుగురు దిగినారు. బూట్లు. ఎవురో చూడను వచ్చినారు, చూసి పోనీలే అని ఊరకున్నా. మూత పడింది, తాళం పడింది. సాయంత్రానికి తిప్పేష్ వచ్చి తీస్తాడులే అనుకున్నా." వేలు కిందికి జరిగింది. "రెండుంబావుకు వెనక కొసన ఒక్క మనిషి నడిచినాడు. తిప్పేషే అనుకోని లోపల్నుంచి మూడు కొట్టినా."

"తర్వాత?"

"జవాబొచ్చింది. బయటినుంచి మూడు. గట్టిగా." పుస్తకం మూశాడు. "రెండూ ఇరవైకి ఫ్యాను ఆగిపోయింది. నేను తలుపు తీసినా లాభం లేదు. మూతకు తాళం, నాలుగో గదిలో గాలి. నా గది తలుపు బిగించుకోని పడుకున్నా."

అంతదాకా నవ్వుతున్న తిప్పేష్ నవ్వు ఆపేశాడు. పొరపాటున కోసినవాడు వేరు. లోపల మనిషి ఉన్నాడని అడిగి తెలుసుకుని కోసినవాడు వేరు.

"దేవేంద్ర," హేమావతి పిలిచింది. "నిన్న రెండింటికి నువ్వు యాడుండావు?"

కానిస్టేబులు టోపీ తీశాడు. "అన్నానికి పోయినా మేడమ్. రెండు నుంచి మూడు దాకా. ఊరికే పోలేదు. మనిషిని పెట్టే పోయినా. నేనుంటాలే పో నాయనా, కాపలా నాకు కొత్త కాదు అన్నాడు. మిలిటరీ మనిషి గదా అని..."

దేవేంద్ర చెయ్యి చూపించలేదు. చూపించే పని లేకపోయింది. జనం తమంతట తామే రెండుగా చీలారు. మధ్యలో ఓబుళేసు నిలబడి ఉన్నాడు, మోకాలు నొప్పి లేకుండా, జీపు వెంట అందరితో సమానంగా ఉరికివచ్చిన కాళ్ళమీద. పారిపోవాలని చూడలేదు. మీసం మాత్రం చెమటకు తడిసి కిందికి దిగింది.

"చస్తాడనుకోలేదు తల్లీ," అన్నాడు. "చంపాలని కాదు. ఆ ఫ్యాను గిర్రుమంటాంటే లోపల మనిషుండాడని ఎవురికన్నా తెలుస్తాదని కోసినా. ఈ పదకొండు దాటితే కమాండరు వచ్చినదారినే పోతాడు, సాయంత్రానికి నేనే తీయిద్దామనుకుంటి. ఆ బ్యాటరీలు, గాలి, అవన్నీ నాకేం తెలుసు."

"కమాండరు వెనక్కి పోతే నీకేమన్నా ఒరుగుతాదా?"

"నిన్న పొద్దున నాకు ఫోన్ చేసినాడు. మీ ఊళ్ళో యుద్ధం చేసినోళ్ళు ఇద్దరంట గదా, ఇద్దర్నీ వేదికమీద కూర్చోబెడతా, సైన్యంలో నీకిచ్చిన సర్వీసు నంబరు చెప్పు అన్నాడు. కొంచెంసేపుండి చెప్తానని పెట్టేసినా."

ముత్యాలప్ప చెంబు కింద పెట్టి ఓబుళేసు మొహంలోకి చూశాడు. ఓబుళేసు ఆయన్ను చూడలేకపోయాడు. జేబుమీది పతకాన్ని ఒక చేత్తో కప్పుకున్నాడు.

"యుద్ధం చేసినానని నలభై ఏండ్లుగా చెప్తాండా, ఎవురూ నంబరు అడగలేదు," అన్నాడు. "నాకు నంబరు లేదమ్మా."